1600 మీటర్ల దగ్గర ఆగిపోతున్న పరుగు: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మేం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దూరపు పరుగు నేర్పే శిక్షకులం. నెల్లూరులోనో ఒంగోలులోనో తెల్లవారుజామున ఏ గ్రౌండుకి వెళ్లినా కుర్రాళ్లు, ఆడపిల్లలు గుంపులుగా పరుగెత్తుతూ కనిపిస్తారు. ఒకరు కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం, ఇంకొకరు ఆర్మీ ర్యాలీ కోసం. రెండు చోట్లా పెట్టేది 1600 మీటర్లే. పోలీసు పరీక్షలో మగవాళ్లకి 8 నిమిషాల గడువు ఇస్తారు. సరైన శిక్షణ, సరైన బూట్లు లేకుండానే దాన్ని ఐదు నిమిషాలలోపు ముగించే పిల్లలు మాకు తగులుతూనే ఉంటారు. ఉద్యోగం వస్తుంది, ఇల్లు నిలబడుతుంది. పరుగు మాత్రం అక్కడితో ఆగిపోతుంది. ఆ పిల్లవాడు 5000 మీటర్లలో, 10,000 మీటర్లలో ఏం చేయగలిగేవాడో ఎవరికీ తెలియకుండా పోతుంది. మా బాధంతా ఇదే.

దూరపు పరుగులో ఛాంపియన్ తయారవడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. ఊపిరి ఏడాదిలో కుదురుకుంటుంది. ఎముకలు, కండర బంధనాలు వారానికి వంద కిలోమీటర్లు మోసే స్థితికి రావాలంటే ఏళ్లు కావాలి. తొందరపెడితే ముంగాలి ఎముకకి సన్నని పగులు వస్తుంది. అవినాశ్ సాబ్లేనే చూడండి. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో ఒక చిన్న ఊరి నుంచి ఇంటర్ తర్వాత సైన్యంలో చేరాడు. సియాచిన్‌లో పనిచేశాడు. పోటీ పరుగులోకి వచ్చింది 2015లో. 2018లో భువనేశ్వర్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌ని (అడ్డుకర్రలు, నీటి గుంట దాటుతూ సాగే పరుగు) 8 నిమిషాల 29.80 సెకన్లలో ముగించి, 1981 నుంచి నిలిచి ఉన్న గోపాల్ సైనీ జాతీయ రికార్డును బద్దలుకొట్టాడు. 2022 కామన్‌వెల్త్ క్రీడల్లో బంగారు పతకం సెకనులో వందో వంతులు ఐదింటి తేడాతో తప్పి రజతం వచ్చింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 2024 జులైలో పారిస్‌లో అదే పరుగు 8 నిమిషాల 9.91 సెకన్లలో. అంటే మొదటి రికార్డు తర్వాత ఇంకో ఇరవై సెకన్లు తగ్గించుకోవడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ నెల నెలా జీతం వచ్చింది, శిక్షణకి సమయం దొరికింది. ఉద్యోగం ఆయన పరుగును ఆపలేదు, పోషించింది.

మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకిచ్చే స్పోర్ట్స్ కోటాని 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. మంచి పని, సంతోషం. కానీ కోటాలో చేరిన పిల్లవాడికి నైట్ డ్యూటీ, బందోబస్తు పడితే ఆ కోటా వల్ల క్రీడకి ఒరిగేదేమీ లేదు. దూరపు పరుగుకి రోజుకి రెండు పూటల శిక్షణ, ఎనిమిది, తొమ్మిది గంటల నిద్ర తప్పనిసరి. రెండు వారాలు పరుగు మానితేనే దమ్ము తగ్గడం మొదలవుతుంది. కాబట్టి చేరిన మొదటి ఐదేళ్లు గ్రౌండు ఉన్న ఊళ్లోనే పోస్టింగ్, పగటి పూట సగం డ్యూటీ, ఏటా టైమింగుల పరిశీలన ఉండేలా ఉత్తర్వు ఇప్పించండి. టైమింగ్ వరుసగా రెండేళ్లు మెరుగుపడకపోతే మామూలు డ్యూటీకి పంపండి, మేమూ అడ్డు చెప్పం.

ఇక నేల సంగతి. సింథటిక్ ట్రాక్ కావాలని అందరూ అడుగుతారు. కావాలి, కాదనం. అయితే దూరపు పరుగు వాళ్లకి ట్రాక్‌తో పని వారానికి రెండు పూటలే. మిగిలిన కిలోమీటర్లన్నీ మెత్తని మట్టి మీద, నిదానంగా చేయాలి. మన పిల్లలు వాటిని హైవే పక్కన తారు మీద చీకట్లో చేస్తున్నారు, లారీల మధ్య. కొందరు మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకి వెళతారు. పొడి ఇసుకలో మడమ లోపలికి దిగబడి పిక్క, మడమ నరం పట్టేస్తాయి. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒకే దిక్కున పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి మోకాలి బయటి పక్క నొప్పి మొదలవుతుంది. పోయినంత దూరం వెనక్కి రావాలని చెబుతూనే ఉంటాం.

దీనికి మందు పెన్నా డెల్టాలోనే ఉంది. కాలవ కట్టలు. ఐదు కిలోమీటర్ల కట్ట ఒకటి ఎంచి, పైన గ్రావెల్ పోసి, మధ్యలో కొంచెం ఎత్తు ఉంచి రోలర్ తిప్పిస్తే నీరు రెండు పక్కలకీ జారిపోతుంది. మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా అప్పుడే దూరపు పరుగు వాళ్లు ఏడాదికి పునాది వేసుకోవాలి. నల్లరేగడి కట్ట మీద ఆ నెలల్లో అడుగు కూడా వేయలేరు. అర కిలోమీటరుకి ఒక రాయి, ఆడపిల్లలు ధైర్యంగా రావడానికి లైట్లు, ఒక మరుగుదొడ్డి ఉంటే చాలు.

ఉన్న గ్రౌండ్లలో పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. ఉదయం నడకకి వచ్చే పెద్దలు లోపలి లేన్లలో వరుసగా నడుస్తారు. పరుగెత్తే పిల్లలు నాలుగో లేన్‌లోకి జరుగుతారు. మొదటి లేన్‌లో చుట్టు 400 మీటర్లయితే నాలుగో లేన్‌లో 422. అక్కడ 70 సెకన్లలో చుట్టిన పిల్లవాడు నిజానికి 400 మీటర్లని 66లో చుట్టినట్టు. వేగం చాలలేదనుకుని ఇంకా గట్టిగా పరుగెత్తి పన్నెండు చుట్లు పూర్తి చేసేసరికి, చేయాల్సిన పనికి మించి చేసి కాలు పట్టేయించుకుంటాడు. ఉదయం 5 నుంచి 7 దాకా మొదటి రెండు లేన్లు పరుగు వాళ్లకే అని బోర్డు పెట్టించి, దాన్ని అమలు చేయించండి. నడక ఏ లేన్‌లోనైనా నడకే. అలాగే సభలకి, ఎగ్జిబిషన్లకి గ్రౌండు ఇచ్చినప్పుడు గుంజల గుంటలు పూడ్చి, మేకులు ఏరి, రోలర్ తిప్పి అప్పగించేదాకా డిపాజిట్ తిరిగి ఇవ్వొద్దు. ఆ గుంటల్లో మెలిక పడిన చీలమండ మళ్లీ మళ్లీ మెలిక పడుతుంది.

తిండి లెక్క కూడా చూడండి. గట్టిగా శిక్షణ చేసే 50 కిలోల పిల్లకి కిలో బరువుకి 7 గ్రాముల చొప్పున 350 గ్రాముల పిండిపదార్థం, 70 గ్రాములకి పైగా మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. గుడ్డు, పప్పు, పాలు, పల్లీలు, చేప అన్నీ కలిస్తే తప్ప లెక్క తేలదు. తిండి చాలని ఆడపిల్లకి ముందు నెలసరి ఆగుతుంది, తర్వాత ఎముక పగులుతుంది. నెలసరి ఆగితే పరుగు బాగా సాగుతోందని అనుకునే కోచ్‌లు ఇంకా ఉన్నారు, అది ప్రమాదం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు. అది బాగానే ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వ తగ్గిపోయి ఉండొచ్చు. మూడు నెలలకోసారి ఆ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా చేయించండి. ఐరన్ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో వేసుకోవాలి. హాస్టల్ వార్డెన్లకి ఈ మాత్రం చెప్పేవాళ్లు కావాలి.

బూట్లు ఏడాదికి ఒక జత ఇస్తే చాలవు. 600, 800 కిలోమీటర్లకి లోపలి మెత్త చచ్చిపోతుంది, పైకి కొత్తగానే కనిపిస్తుంది. వారానికి వంద చొప్పున పరుగెత్తేవాళ్లకి అది రెండు నెలల మాటే.

ఇంకొకటి, చాలామంది కెరీర్ నిశ్శబ్దంగా ముగిసిపోయే దారి. పోటీకి ముందు జ్వరమో ఒళ్లు నొప్పులో వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళతారు. ఆయన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తాడు, పొద్దున్నే ఒళ్లు తేలికవుతుంది. 2022 జనవరి నుంచి పోటీల సమయంలో అలాంటి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఏ రూపంలో చేసినా నిషేధమే. శాంపిల్‌లో దొరికితే రెండేళ్ల దాకా వేటు పడొచ్చు. తప్పు తెలియక చేశానంటే వదిలేయరు. ప్రతి శిక్షణ శిబిరంలో నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్లతో ఒక పూట క్లాసు పెట్టించండి, తెలుగులో.

చివరగా, జిల్లా స్థాయి 10కె (పది కిలోమీటర్ల) పరుగులు ఎండెక్కాక మొదలవడం ఆపించండి. అతిథులు వచ్చి, ప్రసంగాలు ముగిసి, జెండా ఊపేసరికి ఏడున్నర దాటుతుంది. మన తీరపు ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పరుగు ఐదున్నరకే మొదలవ్వాలి, ప్రసంగాలు బహుమతులప్పుడు పెట్టుకోవచ్చు. ముగింపు దగ్గర మనిషి పట్టే తొట్టి నిండా ఐసు నీళ్లు ఉండాలి. వడదెబ్బ తగిలినవాణ్ని ముందు అందులో ముంచి చల్లబరచాలి, అంబులెన్స్ ఎక్కించడం ఆ తర్వాత.

ఇవన్నీ ఒక్కసారే కావని మాకు తెలుసు. డ్యూటీ ఉత్తర్వు, కాలవ కట్ట, ఈ రెండింటితో మొదలుపెట్టండి. ఏ కట్ట అనుకూలమో, రాళ్లు ఎక్కడ పాతాలో ఇరిగేషన్ ఇంజనీర్లతో కలిసి నడిచి చూపించడానికి మేం సిద్ధం. అక్టోబరు వానలకి ముందే రోలర్ తిరగాలి.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల దూరపు పరుగు శిక్షకులు