కిలిమంజారోకు చెక్కు ఇచ్చేముందు రాత్రులు లెక్కపెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం ఎక్కబోయే పిల్లలకు చెక్కులు అందించే ఫొటోలు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంటాయి. 2014లో మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కాక గురుకులాల పిల్లల్లో ఈ ఆశ పెరిగింది. సంతోషమే. కానీ చెక్కు రాసే దాతలు, సిఫారసు చేసే అధికారులు ట్రావెల్స్ వాళ్లిచ్చిన కాగితంలో ముందు చూసేది ఖర్చు. చూడాల్సింది కొండ మీద ఎన్ని రాత్రులు పడుకుంటారన్నది.

కారణం చెబుతాను. కిలిమంజారో కొస అయిన ఉహురు శిఖరం ఎత్తు 5,895 మీటర్లు. అక్కడి గాలిలో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు సగం. మన పట్టణాలు 500 మీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ వైద్యుల సూచన. ఇప్పుడు చవకగా అమ్మే 5 రోజుల మరంగు దారిని చూడండి. మొదటి రాత్రి మందారా గుడిసెల్లో, 2,720 మీటర్ల దగ్గర. రెండో రాత్రి హొరొంబో, 3,720. మూడో రోజు సాయంత్రానికి కిబో, 4,700 పైన. అక్కడ నాలుగు గంటలు కునుకు తీశారో లేదో, అర్ధరాత్రి లేపి శిఖరానికి నడిపిస్తారు. హొరొంబోలో నిద్ర లేచిన పిల్లవాడు ఒక్క రోజులో రెండు వేల మీటర్లకు పైగా ఎక్కాలన్నమాట. ఆ పిల్లవాడికి తలనొప్పి, వాంతులు వస్తే ఆశ్చర్యమేముంది?

అదే హొరొంబోలో ఇంకో రాత్రి ఆగి, పగలు కొంత పైకి నడిచి దిగివస్తే తేడా కనిపిస్తుంది. ఇంకా మేలైనది 8 రోజుల లెమోషో దారి. అందులో 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, అదే రోజు 3,976 మీటర్ల బరాంకోకు దించి పడుకోబెడతారు. పగలు ఎత్తుకు వెళ్లి రాత్రి కిందికి దిగితే ఒళ్లు అలవాటు పడుతుంది. మరి కంపెనీలు తక్కువ రోజులే ఎందుకు అమ్ముతాయి? పార్కు రుసుము తల ఒక్కంటికి రోజుల లెక్కన కట్టాలి. గైడు, వంటవాడు, పోర్టర్ల కూలి కూడా రోజుల లెక్కనే. ఒక రోజు తీసేస్తే ధర తగ్గుతుంది, పోస్టరు మీద ఆ అంకె బాగుంటుంది.

భువనగిరి రాతి గుట్ట మీద తాడు పట్టి ఎక్కిన పిల్లలకు ఇది తేలికే అనే మాట వినిపిస్తుంది. ఆ శిక్షణ చేతులకు బలం, మనసుకు ధైర్యం ఇస్తుంది, కాదనను. కానీ కిలిమంజారో మామూలు దారుల్లో తాడే అక్కర్లేదు. పరుగు పందెంలో మొదట వచ్చేవాడు అక్కడ మొదట పడిపోవచ్చు, ఎందుకంటే వాడే తొందరగా ఎక్కేస్తాడు. అక్కడి గైడ్లు "పోలే పోలే" అని స్వాహిలీలో పదేపదే అంటుంటారు. మెల్లగా, మెల్లగా అని.

నన్ను కలవరపెట్టే విషయం బ్యానరు. దాత పేరున్న బ్యానరు, జెండా, జనవరి 26 లేదా ఆగస్టు 15 తేదీ, ఇవన్నీ పిల్లవాడి సంచిలో పెట్టి పంపుతాం. తలనొప్పి వస్తే వాడు గైడుకు చెప్పడు. చెబితే కిందికి దించేస్తారని భయం. అసలు ప్రమాదం అక్కడే. తలనొప్పి, ఆకలి లేకపోవడం వస్తే ఇంకా పైకి వెళ్లకుండా ఆగాలి. తూలుతూ నడుస్తున్నా, మాట తడబడుతున్నా మెదడు వాచిందని అనుమానించాలి. నేల మీద గీత గీసి, మడమ వెంట బొటనవేలు ఆనించి పది అడుగులు నడవమంటే తెలిసిపోతుంది. కూర్చున్నా ఆయాసం, దగ్గుతో నురగ వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు. రెండింటికీ మందు ఒకటే: అర్ధరాత్రైనా సరే, అప్పటికప్పుడే కిందికి దించడం. వేలికి పెట్టే ఆక్సీమీటరు చల్లని వేళ్ల మీద తప్పు చూపిస్తుంది, ఆ అంకెనే నమ్ముకోవద్దు. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడేందుకు ఇచ్చే డయామాక్స్ మాత్ర డాక్టరు చెబితేనే, పిల్లలకు బరువును బట్టి. సల్ఫా మందులు పడనివాళ్లకు అసలే వద్దు. మాత్ర వేసుకున్నాం కాబట్టి రోజులు తగ్గించొచ్చు అనే లెక్క మాత్రం పూర్తిగా తప్పు.

వెళ్లేముందు రక్తపరీక్ష తప్పనిసరి చేయాలి. ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. తండాల నుంచి, చెంచు పెంటల నుంచి వచ్చే పిల్లలకు సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష కూడా చేయించాలి. జబ్బు లేకుండా ఆ జన్యువు ఒక్కటే మోసేవాళ్లకు కూడా ఆ ఎత్తులో ప్లీహం దెబ్బతినొచ్చు.

ఇక సెలవుల సంగతి. మన ఎండాకాలం సెలవులు ఏప్రిల్, మే నెలల్లో. అక్కడ అవే పెద్ద వానలు. జనవరి, ఫిబ్రవరి, లేదంటే జూన్ నుంచి అక్టోబరు దాకా నయం. నైరోబీ, అడిస్ అబాబాల్లో 12 గంటలకు మించి ఆగితే టాంజానియాలో ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అడుగుతారు. ఆ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఇనిస్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, వేసిన పది రోజులకు గానీ చెల్లదు. ప్రయాణ బీమాలో ఎత్తు పరిమితి చదవాలి. చాలా పాలసీలు 4,000, 5,000 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి, 6,000 వరకు అని రాసి ఉండాలి.

బట్టలకు ఖర్చు పెట్టేటప్పుడు కొత్త బూట్లు నెల ముందే కొనివ్వండి. ప్రయాణం రోజు తొడిగితే రెండో రోజుకే బొబ్బలు. దిగేటప్పుడు ఇంకో ఇబ్బంది: లెమోషో దారిలో వెళ్లినవాళ్లు శిఖరం నుంచి మ్వేకా శిబిరం దాకా ఒకే రోజు 2,800 మీటర్లు దిగాలి, గోళ్లు కత్తిరించుకోకపోతే నల్లబడి ఊడిపోతాయి. నూలు బనియన్లు చెమట పట్టుకుని గడ్డకడతాయి, వద్దు. శిఖరం రాత్రి చలి సున్నాకు పది, పదిహేను డిగ్రీలు దిగువన ఉండొచ్చు. సీసాను తలకిందులుగా పెడితే నీళ్లు ముందు పైకి వచ్చిన అడుగు వైపు గడ్డకడతాయి, మూత తెరుచుకుంటుంది. పైన ఆకలి చస్తుంది, కాబట్టి పల్లి పట్టీలు, నువ్వుల ముద్దలు, ఇంటి పచ్చడి ఓ డబ్బా పంపితే అన్నం కాస్త లోపలికి పోతుంది.

జిల్లా యంత్రాంగానికి నా విన్నపం: 7 రోజులకు తక్కువున్న ప్రణాళికకు సిఫారసు ఇవ్వొద్దు. దాతలు సొమ్మును శిఖరంతో ముడిపెట్టకుండా, మధ్యలో దిగివచ్చినా మొత్తం ఇస్తామని ముందే రాసివ్వాలి. శిఖరానికి కొంచెం ముందుండే 5,685 మీటర్ల గిల్మన్స్ పాయింట్ చేరినవాళ్లకు కూడా అక్కడి పార్కు సర్టిఫికెట్ ఇస్తుంది, అదేమీ ఓటమి కాదు. ఇక మీ పత్రిక ఈ వార్తలు రాసేటప్పుడు ఎంత ఎత్తు ఎక్కారో దాని పక్కనే ఎన్ని రోజుల్లో ఎక్కారో కూడా వేయండి.

ఇట్లు,
ఒక పర్వతారోహణ శిక్షకుడు, నల్లగొండ