వృద్ధాశ్రమంలో సూదికీ దారానికీ చోటివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా అక్టోబర్ 1న వచ్చే వృద్ధుల దినోత్సవం మర్నాడు, పత్రికల జిల్లా పేజీల్లో ఒకే రకం ఫొటోలు కనబడతాయి. వరండాలో వరుసగా కుర్చీలు, వాటిలో పెద్దవాళ్లు, ఒళ్లో తలా ఒక దుప్పటి, చేతిలో రెండు అరటిపండ్లు. ఇచ్చేవారి మనసు మంచిదే, కాదనను. కానీ ఆ ఫొటోల్లో పెద్దవాళ్ల చేతులు ఎప్పుడూ పుచ్చుకుంటూనే ఉంటాయి. ఆ చేతులకు ఏ పని వచ్చో, ఇన్నేళ్లూ అవి ఏం చేశాయో అడిగేవారు లేరు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మా మేనత్త మూడేళ్లుగా అనంతపురం శివార్లలో ఒక వృద్ధాశ్రమంలో ఉంటోంది. పిల్లలు లేరు. మా ఇంటి మెట్లు ఎక్కలేక, తనే అక్కడ ఉంటానని పట్టుబట్టింది. తిండికి లోటు లేదు, మాత్రలు వేళకు ఇస్తారు, ఆయమ్మలు ఓపిక గలవారు. చేరేటప్పుడు అత్త తన సంచిలో సూదుల డబ్బా, కత్తెర, నాలుగు పాత చీరలు పెట్టుకుని వెళ్లింది, బొంత కుట్టుకుంటానని. మర్నాడే సూదులు, కత్తెర తీసేసుకున్నారు. గుచ్చుకుంటే ఎవరిది బాధ్యత, మతిమరుపు ఉన్నవారి చేతికి చిక్కితే ఏమవుతుంది అన్నారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. కానీ ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా అత్త హాల్లో టీవీ ఎదుటే కనబడేది. ఏం వస్తోంది అత్తా అని అడిగితే చెప్పలేకపోయేది. ఆమె చూపుడువేలు, బొటనవేలు మాత్రం కొంగు అంచును మడిచేవి, గోటితో నొక్కేవి, విప్పేవి, మళ్లీ మడిచేవి. కుట్టుకు ముందు బట్ట అంచు అలాగే మడుస్తారు.

వార్డెనమ్మతో నాలుగైదు సార్లు మాట్లాడాక ఒక ఒప్పందానికి వచ్చాం. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా కుట్టు. సూదులు లెక్కపెట్టి ఇవ్వడం, లెక్కపెట్టి తీసుకోవడం. చూపు ఆనదు కాబట్టి అన్నిటికీ ముందే దారం ఎక్కించి ఉంచడం. కత్తెర ఆయమ్మ చేతిలోనే. మొదటి రోజు అత్త, ఇంకొకామె. నెల తిరిగేసరికి తొమ్మిది మంది. ఒకసారి ఒక సూది తక్కువ వచ్చింది. కాఫీ వేళ దాటిపోయినా ఎవరూ లేవలేదు. చివరికి అది బొంత మడతలోనే దొరికింది. ఏడాది దాటింది, ఇంతవరకు ఒక్క సూదీ పోలేదు.

బొంత కుట్టడం చూడని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పాత చీరలు పొరలుగా పరిచి, పైన ముక్కలు అమర్చి, మా అత్త పద్ధతిలో అయితే అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ రావాలి. ఏ ముక్క పక్కన ఏ ముక్క పడాలన్నదే అసలు విద్య. ఒక శుక్రవారం నేను గేటు దగ్గర ఉండగానే లోపల కేకలు వినిపించాయి. ఎరుపు పక్కన మళ్లీ ఎరుపా అని ఒకామె, ఆ వెలిసిపోయిన ఆకుపచ్చ వేస్తే బొంత మొత్తం చచ్చిపోతుందని మా అత్త. వార్డెనమ్మ కంగారుపడి సర్దిచెప్పబోతుంటే నేనే ఆపాను. అన్నం మెత్తబడిందనో, ఫ్యాను నా వైపు లేదనో తప్ప ఆ ఇంట్లో వాదులాట ఎన్నడూ వినలేదు. ఇద్దరు మనుషులు తమకు బాగా తెలిసిన విషయం మీద, మాట నెగ్గించుకోవాలని పోట్లాడుతున్నారు! నేను గోడకు ఆనుకుని అంతా విన్నాను. మొదటి బొంత ఆయమ్మ కూతురి బిడ్డకు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఫొటో తీయమని అత్తే అడిగింది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. మగవాళ్ల కోసం నేను మొదట రంగు పెన్సిళ్లు, పిల్లలు రంగులు నింపే బొమ్మల పుస్తకాలు తీసుకెళ్లాను. ఒక పెద్దాయన పుస్తకం తిరగేసి, “ఏం సారూ, మేము ఒకటో తరగతా?” అని పక్కన పెట్టేశారు. ఆయన మాటే నిజం. వయసు పైబడిందని చేతికి పిల్లల సామాను ఇవ్వడం అవమానమే. ఆ పెద్దాయన ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఏం కావాలని అడిగితే ఒక రేకు, ఎనామెల్ పెయింటు, సన్న బ్రష్షు కావాలన్నారు. లారీ వెనక బోర్డు మీద ఉండేలాంటి పద్మాన్ని, దానికి అటూ ఇటూ రెండు చిలుకలను వేశారు. కుడిచేయి వణుకుతుంటే ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని, మూడు వారాల పాటు. ఆ రేకు ఇప్పుడు వంటగది తలుపు మీద ఉంది. ఎవరు వచ్చినా వేసిందెవరని అడుగుతారు, ఆయన కూడా ఆ తలుపుకు ఎదురుగానే కుర్చీ వేసుకుంటారు.

ఇవన్నీ ముచ్చట కోసం చెప్పే సంగతులని ఎవరూ తీసిపారేయకూడదు. కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదిక ఇచ్చింది. మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, జబ్బులను నివారించడంలో, ఉన్న జబ్బులతో నెట్టుకురావడంలో కళలకు పాత్ర ఉందని చెప్పింది. అంతకు ముందే, 2006లో, అమెరికాలోని వాషింగ్టన్‌లో చేసిన ఒక అధ్యయనం ఫలితాలు వచ్చాయి. సగటున 80 ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవారిని అనుభవం గల గాయకుల దగ్గర బృందగానంలో చేర్చి ఏడాది తర్వాత చూస్తే, పాడనివారితో పోల్చినప్పుడు వారు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది, వాడే మందులు తగ్గాయి, జారిపడటం కూడా తగ్గింది. వాళ్లు తమంతట తాము తిరగగలిగే మనుషులు, ఆశ్రమాల్లో మంచం పట్టినవారు కారు. కాబట్టి పాట పాడితే బీపీ మాత్ర మానేయవచ్చని నేను అనను. ఫిజియోథెరపీ అబ్బాయి చెయ్యి పదిసార్లు ఎత్తమంటే మా వాళ్లు మూడుసార్లు ఎత్తి దించేస్తారు. అదే చెక్కభజన గురువుగారు వచ్చి చేతికి చెక్కలిస్తే, కుర్చీల్లో కూర్చునే అరగంట సేపు చెయ్యి దించలేదు. బ్రహ్మంగారి తత్వం ఎత్తుకుంటే ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ అబ్బాయే నాతో ఈ మాట అన్నాడు.

చట్టం మాటకు వస్తాను. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం కనీసం 150 మందికి చోటుండే ఆశ్రమాలను మొదట జిల్లాకు ఒకటి చొప్పునైనా ఏర్పాటు చేసే సంగతి దాని 19వ సెక్షన్‌లో ఉంది. ఆశ్రమాల్లో ఉండాల్సిన ప్రమాణాలను రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చని చెబుతూ, వైద్యం పక్కనే వినోద సాధనాల ప్రస్తావన కూడా తెచ్చింది. వైద్యంతో సమానంగా ఆ మాట చట్టంలోకి ఎక్కింది! ఆచరణలో నేను చూసినంతవరకు వినోద సాధనమంటే గోడకు ఒక టీవీ. దాన్ని బిగించేశాక ఆ కాలమ్‌లో ‘ఉంది’ అని రాసుకుంటారు. ఊరికే ఎదురుగా కూర్చుని చూసేదాన్ని వినోదం అనుకోవడం దగ్గరే లోపం ఉంది. స్కూలు పిల్లలు వచ్చి డాన్సు చేసినా పెద్దవాళ్ల పని చప్పట్లు కొట్టడమే.

కళాకారులు దొరకరనే మాట మన ప్రాంతంలో చెల్లదు. 1885లో సురభి నాటకం పుట్టింది కడప జిల్లాలో. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కోసం మేకతోలు మీద బొమ్మలు వేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆట ఆడించే రోజులు పోయి ఆ కుటుంబాలు లాంప్ షేడ్లు, గోడ బొమ్మలు చేసి బతుకుతున్నాయి. ఉరుము అనే వాద్యం వాయించే ఉరుముల వాళ్లు, కోలాటం గురువులు, హరిదాసులు ఊరూరా పని లేక ఉన్నారు. వారిని నెలకు రెండుసార్లు ఆశ్రమాలకు పంపి, దారిఖర్చులూ గౌరవ వేతనమూ ఇస్తే రెండు వైపులా మేలు. పుణ్యానికి వచ్చి ఆడిపొమ్మనకూడదు, అది వారి వృత్తి. డప్పు కళాకారులకు పింఛను ఇస్తున్న ప్రభుత్వానికి ఇది పెద్ద భారం కాదు. వచ్చినవారు ఆడి చూపించి వెళ్లడం కాకుండా, పెద్దవాళ్ల చేతికి చెక్కలు, కోలలు, తోలుముక్క ఇచ్చి పని చేయించాలి. ఇక బొంతకు అయ్యే ఖర్చు దారపు ఉండలే. పాత చీరలు ఏ ఇంట్లో లేవు?

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల అధికారులకు నా మనవి ఒకటే. ఆశ్రమాల తనిఖీకి వెళ్లినప్పుడు బియ్యం బస్తాలు, మరుగుదొడ్లు చూసినట్టే, ఈ వారం ఇక్కడి పెద్దవాళ్లు తమ చేతులతో ఏం చేశారని కూడా అడగండి. సూది, కత్తెర, రంగు డబ్బా వాడుకునే జాగ్రత్తలను ఒక కాగితం మీద రాసి పంపండి. చేతిలో అది ఉంటే వార్డెన్లకు ధైర్యం వస్తుంది. ఇప్పుడు ఏదైనా జరిగితే నింద తమ ఒక్కరి మీదే పడుతుందని వాళ్లు భయపడుతున్నారు.

మీకూ ఒక మనవి. ఈ ఏడు మీ ఫొటోగ్రాఫరును అక్టోబర్ 1న కాకుండా ఏదో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు పంపండి. రెండో బొంత సగానికి వచ్చింది. నడుమ ఏ రంగు పడాలో ఇంకా తేలలేదు.

ఇట్లు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
అనంతపురం