నా జడ వేసిన ఆ అమ్మకి

నిన్న రాత్రి పదకొండింటికి గుంటూరు వచ్చి పడ్డాం. మా ఆయన లోపల నిద్రపోతున్నారు. పొద్దున చేయించిన టెస్టులో ప్లేట్‌లెట్లు లక్షా పదివేలకి వచ్చాయి. నాకే నిద్ర రావట్లేదు. అందరూ ఫోన్లు చేస్తున్నారు, ఒక్కొక్కరికీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

సంక్రాంతి వెళ్లాక మేమిద్దరం చెరో బ్యాగు వీపునేసుకుని శ్రీలంక వెళ్లాం. ప్యాకేజీ టూరు కాదు. కొలంబో ఫోర్ట్ స్టేషన్లో దక్షిణ తీరం రైలెక్కడం, నచ్చిన ఊళ్లో దిగడం, దొరికిన గదిలో ఉండడం. హిక్కడువ, ఉనవటున, వెలిగామ, మిరిస్స. కొన్నిచోట్ల పట్టాల పక్కనే సముద్రం. వెలిగామలో మా ఆయన సర్ఫింగ్ బోర్డు మీంచి పదకొండుసార్లు పడ్డారు, నేను లెక్కపెట్టా. బయల్దేరేముందే అత్తయ్యగారు అన్నారు, "సముద్రం చూడ్డానికి లంకే కావాలంటే బాపట్ల పక్కన సూర్యలంక లేదుటే?" అని.

మిరిస్సలో ఆయనకి జ్వరం వచ్చింది. ఎండదెబ్బ అనుకుని పారాసిటమాల్‌తో నెట్టాం. నాలుగో రోజు ఒళ్లు చల్లబడితే హమ్మయ్య అనుకున్నా. అదే నేను చేసిన తప్పు. డెంగీలో జ్వరం దిగేటప్పుడే అసలు గండమట. రక్తనాళాల్లోంచి నీరు జారిపోయి బీపీ పడిపోతుందట. ఆయన బాత్రూం గుమ్మంలో కూలబడ్డారు.

గెస్ట్‌హౌస్ కుర్రాడు 1990కి ఫోన్ చేశాడు. అంబులెన్స్ వచ్చింది, పైసా అడగలేదు. ఈ సర్వీసు 2016లో మన దేశం ఇచ్చిన గ్రాంటుతో మొదలైందట. 2005లో హైదరాబాద్‌లో మొదలైన మన 108ని నడిపినవాళ్లే అక్కడా దీన్ని నిలబెట్టారని తెలిశాక, నా అన్నవాళ్లెవరూ లేని ఊళ్లో మనవాళ్ల చెయ్యి తగిలినట్టయింది.

ప్రభుత్వాసుపత్రిలో చేర్చుకున్నారు. గంటగంటకీ తాగిందెంత, పోసిందెంత అని మిల్లీలీటర్లలో రాసుకునేవారు. ప్లేట్‌లెట్లు 28 వేలకి పడ్డాయి. "ఎక్కించరా?" అని గొడవ పెట్టుకున్నా. రక్తస్రావం లేదు కాబట్టి అక్కర్లేదు, ద్రవాలు చూసుకోవడమే వైద్యం అన్నారు డాక్టరు. నా గుంటూరు తెలివి అంతటితో నోరు మూసుకుంది.

మగవాళ్ల వార్డు. రాత్రిళ్లు ఆడవాళ్లని ఉండనివ్వరు. బయట వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చునేదాన్ని.

ఆ బల్ల రెండో కొసన ఒక పెద్దావిడ. మనవడు అదే వార్డులో ఉన్నాడు. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, నాకు సింహళం రాదు. మొదటి రాత్రి ఫ్లాస్కులోంచి ఆకుపచ్చటి జావ పోసిచ్చింది. మన సరస్వతి ఆకు రసం, బియ్యం, కొబ్బరిపాలు వేసి కాచినది, నంజుకోడానికి బెల్లంముక్క. కొల కెంద అంటారు. అప్పటికి ఎంతసేపయిందో ఏమన్నా తిని. ఏడుపు రాలేదు, తాగేశా.

రెండో రాత్రి సంచిలోంచి దువ్వెన తీసి "దువ, దువ" అంది. నా అవతారం చూడలేక దువ్వుకోమంటోంది కాబోలు అనుకుని, సిగ్గేసి, చెయ్యి చాపా. దువ్వెన ఇవ్వలేదు. భుజాలు పట్టి నన్ను అటు తిప్పి కూర్చోబెట్టి, నాలుగు రోజులుగా అట్టలు కట్టిన జుట్టు చిక్కులు తీసింది. ఒక్కో పాయా వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, కుదుళ్లు లాగకుండా. కొబ్బరినూనె రాసి జడ వేసింది. నా రబ్బరు బ్యాండు తెగిపోతే తన సంచికి కట్టిన నీలం తాడు తెంపి కట్టింది. అప్పుడు ఏడ్చా. వాచ్‌మన్ లేచొచ్చేంత గట్టిగా. పెళ్లయ్యాక నా జుట్టు ఇంకొకరి చేతిలో పెట్టి కూర్చోవడం అదే మొదలు.

"దువ" అంటే కూతురట. మర్నాడు నా నాలుగు ముక్కల చెన్నై తమిళం అర్థం చేసుకున్న ఒక నర్సు చెప్పింది.

మూడో రోజు ఆవిడ మనవడు డిశ్చార్జ్ అయిపోయాడు. చెయ్యూపి పంపించేశా. తర్వాత రోజు పొద్దున ఆరింటికి అదే ఫ్లాస్కుతో మళ్లీ వచ్చింది. మనవడు ఇంట్లో ఉన్నాడు. నా కోసం బస్సెక్కి వచ్చింది. నా దగ్గర ఇవ్వడానికి ఏముంది? బ్యాగులో గోంగూర పచ్చడి సీసా ఉంటే ఇచ్చా. వేలితో నాకి, బాగుందన్నట్టు తల అటూ ఇటూ ఊపింది. పేరు అడగాలని కూడా తట్టలేదు. అమ్మా అని పిలిస్తే పలికేది, వాళ్లకీ అమ్మ అంటే అమ్మే. ఇది ఆవిడ ఎప్పటికీ చదవదు, తెలుసు.

ఇక ఇన్సూరెన్స్ వాళ్ల సంగతి. ఆయన కళ్లు తెరవలేకుండా ఉంటే "వెరిఫికేషన్‌కి పేషెంటుతోనే మాట్లాడించండి మేడమ్" అన్నారు. నాలుగు ఈమెయిళ్లు పెడితే నాలుగుసార్లూ అదే ఫారం పంపారు. బ్యాంకు ఓటీపీ రోమింగ్ లేని సిమ్‌కి వెళ్తుంది, కార్డు వెనకున్న 1800 నంబరేమో అక్కణ్నుంచి కలవదు. ప్రీమియం కట్టించుకునేటప్పుడు మాత్రం అర నిమిషం పట్టలేదు. ఎవరైనా బయటికెళ్తుంటే ముందు రోమింగ్ వేయించుకోండి, కొంత నగదు విడిగా దాచుకోండి.

తమ్ముడు డబ్బు పంపాడు, అమ్మ మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకుంది, అత్తయ్యగారు సూర్యలంక మాట మళ్లీ ఎత్తలేదు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, గెస్ట్‌హౌస్ వాళ్లు! మా సామాను వారం రోజులు దాచి, అద్దె తీసుకోలేదు. తంబిలి బొండాలు తెచ్చిపెట్టిన టుక్‌టుక్ డ్రైవరు, ఛార్జరు ఇచ్చేసి తిరిగి అడక్కుండా వెళ్లిపోయిన విదేశీ జంట, చెన్నై సెంట్రల్లో బ్యాగులు నన్ను ముట్టుకోనివ్వని కూలీ అన్న, మేం రాకముందే చారు క్యారియర్ గుమ్మంలో పెట్టి వెళ్లిన ఎదురింటి పిన్నిగారు. ఇంకా ఎవరో ఉన్నారు, బుర్ర పనిచేయట్లేదు. ఆయన లేచారు, మంచినీళ్లు అడుగుతున్నారు. ఉంటా.