మార్స్ మీద చాలు పడితే నీళ్లు పారినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మార్స్ మీద ఏ వాలులో కొత్త చాలు, అంటే పొడుగాటి గాడి, కనిపించినా సరే, "అంగారకుడిపై నీటి జాడ" అని హెడ్డింగ్ పెట్టేస్తున్నారండి, మీ పేపరే కాదు అన్నిట్లో అదే వరస.

ఆ ఆశ ఊరికే పుట్టలేదు లెండి. 2000లో మాలిన్, ఎడ్జెట్ అనే సైంటిస్టులు మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే నాసా నౌక తీసిన ఫొటోల్లో బిలాల (ఉల్కలు పడి ఏర్పడ్డ పెద్ద గుంటల) గోడల మీద అచ్చం వాన కోతల్లాంటి చాళ్లు చూపించారు, అవి చూసి నీళ్లు అనుకోనివాడు ఉండడు. కానీ 2006 నుంచి మార్స్ చుట్టూ తిరిగే మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ అనే నౌకలోని హైరైజ్ కెమెరా అవే చోట్లని మళ్లీ మళ్లీ ఫొటో తీస్తోంది, పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూస్తే మార్పులు ఎక్కువగా చలికాలంలో, వసంతం మొదట్లో వస్తున్నాయని తేలింది. నీళ్ల పనే అయితే ఎండలు ముదిరినప్పుడు కదా జరగాలి! చలికాలంలో అక్కడ వాలుల మీద పేరుకునేది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, అదేనండీ డ్రై ఐస్, మన పెళ్లి స్టేజీల మీద పొగకి వాడేది.

రస్సెల్ అనే బిలంలో ఒక పెద్ద ఇసుక దిబ్బ ఉంది, దాని మీద చాళ్లు చూడండి. పైనుంచి కిందదాకా దాదాపు ఒకే వెడల్పు, రెండు పక్కలా చిన్న గట్లు, చివర గుంట. నీళ్లు పారితే చివర ఇసుక మేట వెయ్యాలి, ఇక్కడ మేట లేదు సరికదా గొయ్యి పడింది. వసంతంలో దిబ్బ పైనున్న డ్రై ఐస్ దిమ్మ విరిగి, అడుగున ఇసుక వెచ్చదనానికి వెలువడే తన గ్యాస్ మీద తానే తేలుతూ కాలిన పెనం మీద నీటి చుక్కలా జారిపోతుంది, ఆగిన చోటే ఆవిరైపోతే మిగిలేది ఆ గొయ్యి. అమెరికాలో యూటా ఇసుక దిబ్బల మీద డ్రై ఐస్ దిమ్మలు జార్చి మరీ చూశారు, 2013లో ఆ వివరాలు వచ్చాయి. అయితే అన్ని చాళ్లూ ఇలాగే పుట్టాయని కాదు, లక్షల ఏళ్ల కింద గ్రహం అక్షం వంపు వేరేగా ఉన్నప్పుడు మంచు కరిగి కొన్నిటిని కోసి ఉండొచ్చు అనేవాళ్లూ ఉన్నారు.

ఇసుక దిబ్బల సంగతీ అంతే, ఫొటోలు పోల్చితేనే నిజం తెలిసింది. అక్కడి గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా ఉండదు, అందుకే అవి ఎప్పుడో కదలడం మానేశాయని చాలామంది అనుకునేవాళ్లు, 2012లో నీలి పటేరా అనే చోట దిబ్బలు జరుగుతున్నాయని లెక్కలతో సహా చూపించారు. మార్స్ మొత్తం మీద చూస్తే దిబ్బలు జరిగేది సగటున మన ఏడాదికి అర మీటరు. శ్రీహరికోట నుంచి వెళ్లిన మన మంగళయాన్ గ్రహం మొత్తాన్ని ఒక్క ఫొటోలో భలే పట్టింది గానీ ఇంత చిన్న మార్పులు పట్టే కెమెరా కాదది.

అందుకే ఒక్క రిక్వెస్ట్. ఈసారి ఇలాంటి వార్త వేస్తే ఒకే చోటు తాలూకు రెండు ఫొటోలు, పాతదీ కొత్తదీ, తేదీలతో పక్కపక్కన వెయ్యండి, హైరైజ్ ఫొటోలు నెట్‌లో ఫ్రీగానే దొరుకుతాయి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒంగోలు