ఆసక్తి లేనిది ఎవరికి?

సంపాదకుల వారికి,

జిల్లా పేజీలో పర్యాటకం మీద మీరు వేసిన వార్త చదివి పది రోజులు దాటింది. ఆ రోజే రాద్దామని కూర్చుంటే మా ఆవిడ "వచ్చి మూడు నెలలు కాలేదు, అప్పుడే ఊళ్ళో తగువులెందుకండీ" అంది. ఊరుకున్నాను. కానీ కడప జిల్లాలో చూడదగ్గ చోట్లకు జనం రాకపోవడానికి కారణం "జనంలో ఆసక్తి లేకపోవడమే" అని అందులో ఒక అధికారి సెలవిచ్చారు చూడండి, ఆ మాట మాత్రం అరగలేదు.

మాది రాజమండ్రి. బదిలీ మీద వచ్చి ఎర్రముక్కపల్లెలో దిగాం. బ్రౌను దొర బంగళా ఉన్న చోట కట్టిన లైబ్రరీ మాకు నడిచి వెళ్ళేంత దూరమే. పోయిన నెల రెండో శనివారం అన్నాలు తింటుండగా మా అత్తగారు "ఆఫీసు, ఇల్లు, కూరగాయల బజారు... ఇదేనా కడపంటే?" అన్నారు. ఆవిడకు 68 ఏళ్ళు. చేయి కడుక్కుని అప్పటికప్పుడు ఒంటిమిట్ట బస్సెక్కేశాం. పాతిక కిలోమీటర్లు, అంతే. ఒకే రాతిలో మలిచిన సీతారామలక్ష్మణులు, పక్కన హనుమంతుడు లేని రామాలయం! "మావారు ఉంటే ఎంత సంబరపడేవారో" అని అత్తగారు మండపంలో స్తంభానికి ఆనుకుని చాలాసేపు కూర్చున్నారు. నవాబుల కాలపు అధికారి ఇమాంబేగు తవ్వించిన బావి కథ మాకు చెప్పింది పూలమ్మే అమ్మాయి. ఇమాంబేగు పిలిస్తే రాముడు పలికాడట, దాంతో ఇమాంబేగు బావి తవ్వించాడట. ఇంత మంచి కథ ఆ అమ్మాయి చెబితే తప్ప మాకు తెలిసే దారి లేదు.

రాత్రి కడపలో ఎర్రకారం దోశ తిన్నాం. మా పిల్లవాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే రెండోది అడిగాడు. ఆ ఊపులో "రేపు గండికోట" అనేశాను.

అసలు తంటా ఇక్కడే మొదలైంది. జమ్మలమడుగు నుంచి పైకి బస్సు ఎన్నింటికి, తిరుగు బస్సు ఎన్నింటికి? ఈ రెండు ముక్కలే నాకు కావాల్సింది. సమాచారం కోసమంటూ ఒకచోట రాసిపెట్టిన నంబరుకు ఏడుసార్లు చేశాను. ఆరుసార్లు మోగి ఆగింది. ఏడోసారి ఒకాయన ఎత్తి "ఈరోజు శనివారం కదా సార్, సోమవారం చేయండి" అని పెట్టేశాడు. అంటే ఊరు చూడదలిచినవాడు సోమవారం నాడు సెలవు పెట్టుకుని చూడాలన్నమాట!

ఆదివారం పొద్దున బస్సులో పక్క సీటు పెద్దాయన కాపాడాడు. "జమ్మలమడుగులో దిగి ఆటో మాట్లాడుకోండి సార్, ఆడ్నించి పదహైదు కిలోమీటర్లుంటాది. ఎండెక్కకముందే పోవాల" అన్నాడు. ఆటో అతనేమో కోటలో మసీదు, ధాన్యాగారం, మాధవరాయ గుడి అన్నీ తిప్పి చూపించి, చివర్లో పెన్న లోయ అంచుకు తీసుకెళ్ళాడు. గోదావరి గట్టున పుట్టినవాణ్ణి, నదంటే పరుచుకుని పారేదనుకునేవాణ్ణి. ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయిన నదిని నలభై ఏళ్ళకు చూశాను. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి, గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. పారిస్ నుంచి వచ్చినవాడికి దారి దొరికింది, కడప నుంచి మాకే దొరకలేదు.

ఆ రోజు మేం ఆగిన చోట్లలో ఒకదాని పేరు చెప్పను. చెబితే అక్కడి వాచ్‌మన్ ఉద్యోగం పోతుంది గానీ పైవాళ్ళకేమీ కాదు. అక్కడ మరుగుదొడ్లు కొత్తగా కట్టారు. గోడల నిండా రంగు బొమ్మలు, శిలాఫలకం మీద పన్నెండు పేర్లు, తలుపుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరంటే ఒక ఉద్యోగి దగ్గరట. ఆయనకు ఆదివారం సెలవట. షుగరున్న 68 ఏళ్ళ మనిషిని పక్కన నిలబెట్టుకుని ఆ పన్నెండు పేర్లూ చదివాను. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆవిడ చూసి "ఏం పెద్దమ్మా, ఆడ నిలబడినావు, మా ఇంటికి రా" అని చేయి పట్టుకుని తీసుకుపోయింది. మజ్జిగ కూడా ఇచ్చింది. డబ్బులు ఇవ్వబోతే "బాగుండాది సార్, మజ్జిగకు డబ్బులా" అని కోప్పడింది.

గండికోటకు కేంద్రం 2024లో 77.91 కోట్లు మంజూరు చేసిందని మీ పత్రికలోనే చదివాను. సంతోషం. అందులో తాళంచెవుల పద్దు కింద ఎంత రాశారో తెలుసుకోవాలని ఉంది. ఒక సెల్ఫీ పాయింటు తగ్గించినా పరవాలేదు, ఆదివారం పనిచేసే ఒక్క మనిషిని పెట్టండి. కారు, డ్రైవరు, ముందే బుక్ చేసిన గది ఉన్నవాడే పర్యాటకుడని వీళ్ళ లెక్కలాగుంది. శనివారం మధ్యాహ్నం మనసు పుట్టి బస్సెక్కేవాడు ఏ లెక్కలోనూ రాడు.

ఇంకోమాట. ఈ ఊరి ఇంగ్లీషు స్పెల్లింగు మారింది, జిల్లా పేరు ఒకటికి రెండుసార్లు మారింది. మారిన ప్రతిసారీ ఆఫీసుల మీద బోర్డులు తెల్లారేసరికల్లా మారిపోయాయని మా ఇంటి ఓనరు చెబుతుంటాడు. కోటకు దారి చూపే బోర్డు మాత్రం, మేం చూసినదైతే, తుప్పు పట్టి బాణం గుర్తు ఆకాశం వైపు తిరిగి ఉంది. బ్రౌను 1820లో ఈ ఊరికొచ్చి, తనది కాని భాష కోసం తాటాకు పుస్తకాలు వెతికి పట్టించి, సొంత డబ్బు పెట్టి పండితుల చేత శుద్ధప్రతులు రాయించాడు. మనవాళ్ళు అచ్చ తెలుగులో ఒక్క బస్సుల టైముల కాగితం గోడకు అంటించలేరు. పైగా ఆసక్తి లేనిది జనానికట!

ఆ రెండు రోజులకు మాకు మొత్తం అయిన ఖర్చు సినిమాకెళ్ళి హోటల్లో తినే ఖర్చు కన్నా తక్కువే. మా అత్తగారు రాజమండ్రిలో చుట్టాలందరికీ ఫోన్లు చేసి కడప గొప్పలు చెప్పారు. ఈ పని చేయడానికి జీతాలు తీసుకునేవాళ్ళు వేరే ఉన్నారని ఆవిడకు తెలియదు.

వచ్చే ఆదివారం సిద్ధవటం కోటకు పోదామనుకుంటున్నాం. అక్కణ్ణించి కడపకు సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికో మీ పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే శనివారం లోపు ఈ శీర్షికలోనే రాయగలరు. ఆ నంబరుకు మాత్రం మళ్ళీ ఫోన్ చేయను.

ఇట్లు,
కడపకు కొత్తగా వచ్చిన ఒక పాఠకుడు,
ఎర్రముక్కపల్లె, కడప