గైరాన్‌లో బొక్కలకు మందు పెట్టే ముందు

సంపాదకుల గారికి నమస్కారం.

మా ధర్మాబాద్ వైపు ఊళ్ళల్లో ఈ ఎండాకాలం ఒకటే మాట. గైరాన్ (ఊరుమ్మడి మేత భూమి) నిండా ఎలుక బొక్కలే, గడ్డంతా ఆ ఎలుకలే తింటున్నాయి, తలా ఇంత వేసుకుని జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు కలిపిన నూకలు పెట్టేద్దాం అని. పొలం గట్ల మీద పెట్టుకుంటే నేను అడ్డం చెప్పను, పంట పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. ఊరుమ్మడి మేత భూమి సంగతి వేరు.

మా అబ్బాయి అమెరికాలో, కొలరాడోలో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు పానీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ చూపించాడు, అచ్చం మన బీడులాగే ఉంది, అదీ ఆవులు మేసే భూమే. అక్కడ ప్రయరీ డాగ్‌లని కిలో బరువుండే ఉడత జాతి జంతువులు గుంపులుగా బొక్కల్లో ఉంటాయి. మేం కారు దిగగానే ఒకటి వెనక కాళ్ళ మీద నిలబడి, తోక ఆడిస్తూ అరవడం మొదలుపెట్టింది, ఆ అరుపు పక్క బొక్కకు, అక్కడి నుంచి ఇంకో బొక్కకు పాకి, చూస్తుండగానే అన్నీ లోపలికి దూరాయి. ఆవులు మాత్రం తల కూడా ఎత్తలేదు. ఒక ఖాళీ బొక్క దగ్గర చిన్న గుడ్లగూబ పట్టపగలే నిలబడి మమ్మల్నే చూస్తోంది, అది గుడ్లు పెట్టేది ఆ బొక్కల్లోనేనట.

వీటిని అక్కడి రైతులు, సర్కారు కలిసి ఏళ్ళ తరబడి మందు పెట్టి చంపారు, దానికి ప్లేగు తోడైంది. వీటినే తిని బతికే నల్లకాళ్ళ ఫెర్రెట్ అనే ముంగిసలాంటి జంతువు అంతరించిపోయిందనే అనుకున్నారు, 1981లో వయోమింగ్‌లో ఒక రైతు కుక్క చంపి తెచ్చిన దాన్ని చూశాక గానీ ఇంకా ఉన్నాయని తెలియలేదు. 1987 నాటికి పట్టుకుని కాపాడుకున్నవి 18.

పశువులకు నష్టమే లేదని నేననను. కొలరాడోలోనే కోడెల బరువు తూచి చూశారు, మేత భూమిలో 20 శాతం ప్రయరీ డాగ్‌ల చేతిలో ఉంటే ఎదుగుదల 5.5 శాతం తగ్గింది, 60 శాతం ఉంటే 14 శాతం. భూమి పోయినంతగా బరువు పోలేదు. అవి కొరికిన చోట గడ్డి పొట్టిదే గానీ లేత చిగురు, దాంట్లో బలం ఎక్కువ. ఇంకోటి, శత్రువు కనపడాలి కాబట్టి అవి పొట్టి గడ్డినే వెతుక్కుంటాయి, అంటే మందలు గీకేసిన భూమి వాటికి పిలిచి పీట వేసినట్టే.

మా గైరాన్‌లో తవ్వేవి వేరు, తోక చివర నల్ల కుచ్చు ఉండే ఎలుకలు, రాత్రి పూట తిరుగుతాయి. కానీ నేను చూసినంతలో బొక్కలు ఎక్కువున్నది చెరువు దారిలో రోజూ మందలు తొక్కే చోటే, కంచె వేసిన ముక్కలో చాలా తక్కువ. అసలు గైరాన్‌లో సగం సోయాబీన్ చేలైపోయింది, మిగిలిన సగంలో ఊరి గొర్లు, మేకలు అన్నీ మేస్తే గడ్డి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ ఆక్రమణ మాట ఎత్తితే పెద్దవాళ్ళతో తగువు, ఎలుకతో అయితే ఎవరికీ తగువు లేదు మరి.

గ్రామ పంచాయతీ ముందు ఆ భూమి కొలిపించాలి. తొలకరి నుంచి గడ్డి గింజ పట్టేదాకా ఒక ముక్కను మూసి, వచ్చే ఏడు ఇంకో ముక్కను మూయాలి. అన్నాళ్ళు మందలు ఎక్కడికి పోవాలని గొర్లవాళ్ళు అడుగుతారు, న్యాయమే, అందుకే అక్రమంగా దున్నిన భూమి ముందు వెనక్కి రావాలంటున్నాను.

ఇంత చెప్పినా పెడతామంటే కనీసం నూకలు పైన చల్లకుండా బొక్క లోపలికి వేసి మట్టితో మూయండి, మందలను అటు తోలకండి. గింజ ఏరుకునే నెమలైనా మేకైనా ఆ మందు తింటే విరుగుడు లేదు.

— ఒక రిటైర్డ్ టీచర్, ధర్మాబాద్ తాలూకా, నాందేడ్ జిల్లా