గొంతులో దాగే సుఖవ్యాధులు
ఓరల్ సెక్స్‌తో గర్భం రాదు కనుక రోగాలూ రావన్న అపోహ యువతలో ప్రమాదకరంగా పాతుకుపోయింది. గనేరియా, సిఫిలిస్, హెర్పిస్, హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) నోటి ద్వారానూ సోకుతాయి; గొంతులోని గనేరియా చాలామందిలో ఏ లక్షణమూ చూపదు, హెచ్‌పీవీ ఏళ్ల తరువాత గొంతు క్యాన్సర్‌కు దారితీయవచ్చు. 20 ఏళ్లుగా మందుల దుకాణం నడుపుతున్న నేను, అసలు సందేహం బయటికి చెప్పలేక, గొంతునొప్పి అంటూ డాక్టరు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ అడిగే కుర్రవాళ్లను తరచూ చూస్తున్నాను. పరీక్ష లేకుండా మింగే ఆ అరకొర మోతాదుతో క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం ఉన్న సురక్ష క్లినిక్‌లలో పరీక్ష, చికిత్స ఉచితమని, జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే సలహా దొరుకుతుందని, కండోమ్ ఇక్కడా అవసరమేనని నిస్సంకోచంగా తెలిపే బోర్డులను ప్రతి కళాశాలలో, ప్రతి మందుల దుకాణంలో ఆరోగ్యశాఖ పెట్టించాలి.
– ఒక ఫార్మసిస్టు, ఖమ్మం